ఆ సప్పుడు గూడ ఉండనియ్యన్నా

పోయిన ఆదివారం పొద్దుగూకే వేళ వరంగల్ భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే మా అక్క కొడుకు తన ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి నా చెవిలో పెట్టి, "మామా, ఇది విను, పాతదే గానీ మస్తుంటది" అన్నాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు. వాడి లెక్కలో పాతది అంటే 2015. డ్రమ్ము రెండు దెబ్బలు పడేసరికి నేను గుర్తుపట్టేశాను, అది అమెరికా ర్యాపర్ జోయీ బ్యాడాస్ మొదటి ఆల్బమ్. పదేళ్ళ కింద ఆఫీసుకు పోతూ వస్తూ రోజూ విన్నదే. ఆ మాట చెప్తే వాడు నమ్మలేనట్టు చూశాడు. నడిస్తే తీగ ఊడిపోతుందని ఇద్దరం రెయిలింగ్ పట్టుకుని చెరువు వైపు తిరిగి నిలబడ్డాం, ఒక పాట అయ్యేదాకా.

అప్పుడడిగాడు. "ఇంత మంచిగుంటే మరి సగం మంది వీణ్ణి జిరాక్స్ కాపీ అని ఎందుకంటరు మామా? ఇంకో సగం మందేమో అసలైన హిప్ హాప్‌ను వీడే బతికించిండు అంటరు. ఏది నిజం?"

బండ్ మీద నేను చెప్పిన జవాబు వాడికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. నాలుగు రోజులుగా అదే తలలో తిరుగుతోంది, అందుకే రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ పిల్లవాడి సంగతి. జోయీ బ్యాడాస్‌ది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. 1995 జనవరి 20న పుట్టాడు. 2012 జూన్‌లో, ఇంకా స్కూల్లో చదువుతుండగానే, '1999' అనే మిక్స్‌టేప్‌ని, అంటే ఒక పాటల కట్టను, ఇంటర్నెట్‌లో ఉచితంగా వదిలాడు. 1999లో అతనికి నాలుగేళ్ళు, పేరు మాత్రం ఆ ఏడాదిదే పెట్టుకున్నాడు. అందులో కొన్ని బీట్లు, అంటే మాటల కింద నడిచే సంగీతం, ఎంఎఫ్ డూమ్, జే డిల్లా లాంటి పెద్దవాళ్ళు ఎప్పుడో చేసి పెట్టినవి, వాటి మీద ఈ పదిహేడేళ్ళ పిల్లవాడు తన మాటలు పాడాడు. స్కూల్లో స్నేహితులతో కట్టుకున్న జట్టు ఒకటి ఉండేది, ప్రో ఎరా అని. ఆ జట్టును మొదలుపెట్టినవాళ్ళలో క్యాపిటల్ స్టీజ్ ఒకడు, జోయీకి ప్రాణ స్నేహితుడు. అతని గురించి తర్వాత చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది.

మొదటి ఆల్బమ్ 2015 జనవరి 20న వచ్చింది, సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజు నాడు. పేరును అక్షరాలు, అంకె, డాలరు గుర్తులు కలిపి రాస్తాడు; పలికితే 'బిఫోర్ ద మనీ' అని, అంటే డబ్బు రాకముందు అని, చూపుకు మాత్రం తన పేరే కనిపిస్తుంది. అమెరికాలో ఆల్బమ్‌ల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 5వ స్థానంలో దిగింది. ఆల్బమ్ రావడానికి కొద్ది రోజుల ముందు ఒబామా పెద్ద కూతురు ప్రో ఎరా టీషర్టు వేసుకున్న ఫొటో బయటికొచ్చి కొంత గోల కూడా అయింది, దానికి ఆల్బమ్‌తో సంబంధం లేదు కాబట్టి వదిలేస్తా.

రివ్యూల్లో మొత్తం మీద మంచి మార్కులే పడ్డాయి. కానీ మెచ్చుకున్నవాళ్ళ రివ్యూల్లో కూడా చివరికొచ్చేసరికి ఒక 'కానీ' ఉండేది. కుర్రాడికి పదాల మీద పట్టుంది, ఊపిరి ఎక్కడ ఆపాలో ఎక్కడ ఆపకూడదో తెలుసు, అంత్యప్రాసలు ఒకదాని మీద ఒకటి పేర్చగలడు, కానీ ఈ చప్పుడంతా తొంభైల మొదటి సగానిది కదా, ఇందులో ఇతనెక్కడ, అని. అప్పటికి అట్లాంటా నుంచి వచ్చిన ట్రాప్ అనే ర్యాప్ పద్ధతి అన్నిచోట్లా నడుస్తోంది, టిక్ టిక్ టిక్ అని పరిగెత్తే హై హ్యాట్ తాళాల చప్పుడు లేకుండా ఒక్క హిట్టు పాట లేని రోజులు. ఆ మధ్యలో ఒకడు వెనక్కి తిరిగి నడిస్తే అడగరా మరి. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. నాకు కష్టం అనిపించింది ఏమిటంటే, చాలామంది ప్రశ్న అడిగి జవాబు కోసం పాట వినలేదు. చప్పుడు విన్నారు, సంవత్సరం గుర్తుపట్టారు, అక్కడితో ఆగిపోయారు.

అభిమానుల్లో రెండు రకాల మనుషులు కనిపించేవాళ్ళు. ఒక రకం అప్పటికే ముప్పై అయిదు, నలభై దాటినవాళ్ళు. వాళ్ళ సంతోషానికి హద్దు లేదు, మా కాలం తిరిగొచ్చింది, ఈ కాలం పిల్లల్లో ఒక్కడైనా పుట్టాడు, ఇదిరా పాటంటే, అని. రెండో రకం జోయీ ఈడు పిల్లలే. '1999'ని పైసా ఖర్చు లేకుండా దించుకుని, క్లాసులో చెవిలో దాచుకుని విన్నవాళ్ళు. వాళ్ళల్లో చాలామందికి ఆల్బమ్ నచ్చింది గానీ మిక్స్‌టేపే ఎక్కువ నచ్చిందన్నారు, ఇప్పటికీ అంటారు. అందులో పిల్లలు ఒకే గదిలో కూర్చుని పాడినట్టుంటుంది, ఆల్బమ్‌లో పెద్ద స్టూడియోలో పాడినట్టుంటుంది. ఆ తేడా నిజమే, నాక్కూడా వినిపిస్తుంది.

నేను మొదటి రకం. దాన్ని దాచడం నాకిష్టం లేదు, ఎలా అయ్యానో కూడా చెప్తాను.

మా మేనమామకు హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో క్యాసెట్ల దుకాణం ఉండేది. క్యాసెట్లు అమ్మేవాడు, అంతకంటే ఎక్కువగా రికార్డింగ్ చేసిచ్చేవాడు. పాటల లిస్టు కాగితం మీద రాసుకొస్తే, రెండు డెక్కుల ప్లేయర్‌లో ఒకదాంట్లో అసలు, ఒకదాంట్లో ఖాళీ క్యాసెట్ పెట్టి ఎక్కించేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టంటే ఒక సైడు ముప్పై. లిస్టులో చివరి పాట పట్టదని ముందే లెక్కేసి చెప్పేవాడు, పాట నడుమ తెగిపోతే తప్పు తనదే అన్నట్టు బాధపడేవాడు. బడి అయిపోయాక నేను అక్కడే కూర్చునేవాణ్ణి. నా పని లోపలి అట్ట మీద పాటల పేర్లు రాయడం, వారానికోసారి దూదిని స్పిరిట్‌లో ముంచి, ప్లేయర్‌లో టేపు ఆనే హెడ్డు తుడవడం. దూది తీసి చూస్తే గోధుమ రంగు మరక ఉండేది, టేపు మీది పూత అరిగి అంటుకున్నది. ఆ వాసన ఇప్పుడు ఏ ఆసుపత్రిలో వచ్చినా నాకు దుకాణమే గుర్తొస్తుంది.

ఆర్ఈసీ హాస్టల్ పిల్లలు వచ్చేవాళ్ళు, ఇప్పటి ఎన్ఐటీ. అన్ని రాష్ట్రాల నుంచి వచ్చి చదివేవాళ్ళు, వాళ్ళ దగ్గర మేమెప్పుడూ చూడని క్యాసెట్లు ఉండేవి. అట్లా ఒక హిందీ మాట్లాడే అన్న ఒకటి తెచ్చాడు, అట్ట మీద చిన్న పిల్లవాడి మొహం, వెనకాల ఇళ్ళ వరసలు. కాపీ కావాలన్నాడు. మామకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు, కానీ నేను పక్కకు పోలేకపోయాను. అది ర్యాపర్ నాస్ మొదటి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్' అని, 1994లో వచ్చిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అది నాకోసం కూడా ఒకటి ఎక్కించమని మామను బతిమాలాను. మొత్తం నలభై నిమిషాల ఆల్బమ్, అరవై క్యాసెట్టులో ఒక్కో సైడుకు పది నిమిషాలు మిగిలిపోయింది. ఖాళీ టేపు వృథా చేయడం మామకు గిట్టదు. మిగిలిన జాగలో మల్లన్న ఒగ్గు కథ ముక్క నింపాడు, ఐనవోలు జాతర కోసం తెచ్చి పెట్టుకున్న క్యాసెట్టు నుంచి. అందుకని నా చెవుల్లో నాస్ గొంతు ఆగిపోగానే డోలు మొదలవుతుంది. ఇప్పటికీ ఆ ఆల్బమ్‌లో అయిదో పాట అయిపోతే నేను డోలు కోసం ఎదురుచూస్తాను.

జోయీని తిట్టినవాళ్ళూ పొగిడినవాళ్ళూ ఇద్దరూ పక్కన పెట్టి కొలిచింది ఈ 'ఇల్‌మాటిక్'తోనే. నాస్ కూడా ఇరవై ఏళ్ళకే మొదటి ఆల్బమ్ ఇచ్చాడు, నాస్ కూడా న్యూయార్క్ వాడే, అక్కడ మూడు పాటలకు బీటు చేసిన డీజే ప్రీమియర్ ఇక్కడ 'పేపర్ ట్రెయిల్స్' పాటకు చేశాడు. కొలవడం సహజమే. కానీ ఒక సంగతి మర్చిపోతారు. 'ఇల్‌మాటిక్' మొదలయ్యేదే పాత చప్పుడుతో. 1983లో హిప్ హాప్ మీద వచ్చిన 'వైల్డ్ స్టైల్' అనే సినిమాలోని ముక్కతో ఆ ఆల్బమ్ తెరుచుకుంటుంది. నాస్‌కు అప్పుడు పదేళ్ళో ఏమో. అందులో 'మెమరీ లేన్' అనే పాట ఉంది, పేరులోనే ఉంది కదా జ్ఞాపకాల సందు అని, ఇరవై ఏళ్ళవాడు తన చిన్ననాటి వాడను తలుచుకుంటాడు. అంటే ఎవర్ని చూపించి ఇదిరా కొత్తదనం అంటున్నామో, వాడూ వెనక్కి చూస్తూనే మొదలుపెట్టాడు. నాస్ వెనక్కి చూస్తే పునాది అన్నారు, జోయీ వెనక్కి చూస్తే కాపీ అన్నారు. నాకు ఇందులో న్యాయం కనిపించలేదు.

ఇక్కడ ఒగ్గు కథ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే 2015లో ఆల్బమ్ చేతికొచ్చినప్పుడు ఇక్కడ ఐనవోలు జాతర నడుస్తోంది. సంక్రాంతికి మొదలై ఆదివారం ఆదివారం జనం వస్తూనే ఉంటారు. కొలీగ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాటలు ఫోన్‌లోకి ఎక్కించుకుని, ఇంటివాళ్ళతో కలిసి ఆటోలో ఖమ్మం రోడ్డు పట్టుకుని పోయాం. గుడి ముందర పట్నాలు, అంటే దేవుడి ముగ్గులు, వేస్తున్నారు, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి, వేళ్ళ సందుల్లోంచి సన్నగా జారుతూ. పక్కన ఒక కుర్రవాడు కథ చెప్తున్నాడు. మీసం కూడా సరిగా రాలేదు. వాడి నోట్లోంచి వస్తున్న మాటలు వాడి తాతవి, వాడి తాత తాతవి. ఎవరూ వాణ్ణి కాపీ అనలేదు. ఒక పెద్దాయన కాసేపు విని, "గొంతున్నది, గని ఆగుత లేడు" అన్నాడు పక్కాయనతో. అంతే ఆ రివ్యూ. ఆగాల్సిన చోట ఆగకుండా ఉరుకుతున్నాడని. అంతకంటే పనికొచ్చే విమర్శ నేను జోయీ మీద ఎక్కడా చదవలేదు, నిజంగా.

చాలా రోజులు నేను ఈ పోలికనే పట్టుకుని వాదించేవాణ్ణి. జనగామ దగ్గరి మాణిక్యాపురం నుంచి వచ్చిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు పెద్దల కథలు చెప్పే అంత పేరు తెచ్చుకున్నారు, గుడి ముందరి కథను సభల దాకా తెచ్చారు, మరి జోయీ తన పెద్దల పాట పాడితే తప్పేంటి అని. ఇప్పుడు ఆ వాదన సగమే నిలుస్తుందనిపిస్తోంది. ఒగ్గు కథలో కథ మల్లన్నది, బీరప్పది, ఎల్లమ్మది. చెప్పేవాడి సొంత గోడు అక్కడ ఎవరూ అడగరు. ర్యాప్ అట్లా కాదు. అందులో బీటు ఎవరిదైనా సరే, పాట కట్టే పద్ధతి ఎవరిదైనా సరే, బతుకు మాత్రం పాడేవాడిదే ఉండాలి. కాబట్టి విమర్శకుల ప్రశ్నను నేను కొట్టెయ్యను, ఇందులో ఇతనెక్కడ అని అడగాల్సిందే. అడిగి వింటే దొరుకుతాడు, నా మాట అది.

ఎక్కడ దొరుకుతాడో చెప్పే ముందు దుకాణంలో జరిగింది ఒకటి చెప్పాలి. 1998 అనుకుంటా, నేను అప్పటికి డిగ్రీలో చేరాను, సాయంత్రాలు వచ్చి కూర్చునేవాణ్ణి. భూపాలపల్లి నుంచి ఒకాయన వచ్చాడు, బొగ్గుబాయిలో పనిచేస్తాడట. చొక్కా జేబులోంచి రుమాల్లో చుట్టిన క్యాసెట్టు తీశాడు. పైన పేరు లేదు, రెండు సైడ్లకూ పెన్నుతో అడ్డంగా గీత కొట్టి ఉంది. ఇంట్లో టేప్ రికార్డర్‌లో తీసిందట, టేపు నలిగిపోతోంది, ఇంకో దాంట్లోకి ఎక్కించాలి అన్నాడు. మామ పెట్టాడు. ముందు చాలాసేపు చుయ్ మని ఒకటే సప్పుడు. తర్వాత దగ్గరగా ఒక గొంతు, "ఎక్కుతున్నదా?" అని. ఇంకో గొంతు దూరం నుంచి "ఆఁ, పాడు" అంది. తర్వాత పాట, ఏదో నాట్లప్పటి పాట, నడుమ దగ్గు, ఎక్కడో లేగదూడ అరుపు, గిన్నె కింద పడ్డ చప్పుడు.

మామ తన పద్ధతిలో శ్రద్ధగా ట్రెబుల్ తగ్గించాడు, ఆ చుయ్ మనేది పోవాలని. పోయింది. దానితో పాటు గొంతు కూడా దుప్పటి కప్పినట్టయింది. ఆయన వెంటనే చెయ్యి ఎత్తాడు. "వద్దన్నా. ముందటి లెక్కనే ఉంచు. ఆ సప్పుడు గూడ ఉండనియ్యన్నా." మామ గుండీ మళ్ళీ పైకి తిప్పాడు. పాడింది ఆయన తమ్ముడట, పోయి అప్పటికి రెండేళ్ళు. దూరం నుంచి పాడు అన్న గొంతు ఈయనదే. మామ ఆ రోజు మూడు క్యాసెట్లలో ఎక్కించాడు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని, డబ్బులు ఒకదానికే తీసుకున్నాడు. అట్ట మీద ఏం రాయాలని నేనడిగితే ఆయన కాసేపు ఆలోచించి తమ్ముడి పేరు చెప్పాడు. రాశాను. నా చేతిరాత ఆ రోజు ఎప్పటికంటే బాగా రావాలని నెమ్మదిగా రాయడం నాకు గుర్తుంది.

ఇప్పుడు స్టీజ్ సంగతి. క్యాపిటల్ స్టీజ్ 2012 డిసెంబర్‌లో చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళు, మా మేనల్లుడి వయసు. '1999' వచ్చి ఆరు నెలలు. అందులో 'సర్వైవల్ టాక్టిక్స్' అని ఇద్దరూ కలిసి పాడిన పాట ఉంది, విన్నవాళ్ళకు తెలుసు, స్టీజ్ వంతు వచ్చేసరికి పాట ఎట్లా లేస్తుందో. ఆ జట్టులో ఎక్కువ వెలిగేవాడు అతనే అని చాలామంది అంటారు, నేనూ అంటాను. అతను పోయిన రెండేళ్ళకు వచ్చింది ఈ మొదటి ఆల్బమ్. 'ఆన్ అండ్ ఆన్' అనే పాటలో ఆ దుఃఖం నేరుగానే ఉంటుంది, తన చావు గురించిన ఆలోచన కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ళవాడు రాయకూడని పాట అది. నేను మొదటిసారి విన్నప్పుడు కాజీపేట స్టేషన్ బయట బండి ఆపి కూర్చుండిపోయాను.

ఈ పాట తలలో పెట్టుకుని మిగతా ఆల్బమ్ వింటే ఆ పాత చప్పుడు అంతా వేరే వినిపిస్తుంది నాకు. ఈ రకం బీటు ఎట్లా కడతారంటే, పాత ఎల్పీ రికార్డులోంచి రెండు మూడు సెకన్ల పియానోనో బాకానో కోసుకుని, దాన్నే తిప్పి తిప్పి ఆడిస్తూ, కింద కిక్కు, స్నేరు అనే డ్రమ్ముల దెబ్బలు వేస్తారు. ఆ రెండు దెబ్బల చప్పుడు బట్టే బూమ్ బ్యాప్ అని పేరు వచ్చింది. కోసుకున్న ముక్కతో పాటు రికార్డు మీది గీతలు, దుమ్ము చిటపటలు కూడా వస్తాయి. తీసేయాలంటే తీసేయొచ్చు, తీయరు. విమర్శకులు ఆ చిటపట విని 1994 అన్నారు. మా ఈడు అభిమానులు కూడా 1994 అనే అన్నారు, కాకపోతే చప్పట్లు కొడుతూ. నాకు మాత్రం అది 2012. ఆ చప్పుడు మీద ఇద్దరు స్నేహితులు ఒక గదిలో కలిసి పాడుకున్నారు, అందులో ఒకడు లేడు. ఉన్నవాడు బీటు మార్చుకుని ముందుకెళ్ళాలని అందరూ చెప్తున్నారు. అప్పుడే, ఇరవై నిండిన రోజునే, అతను ఆ గదిని ఎట్లా ఖాళీ చేస్తాడు?

'లైక్ మి' పాటలో బీటు జే డిల్లాది, ఆయన 2006లోనే పోయాడు, దాని మీద ద రూట్స్ బృందం వాయించింది. అక్కడా పోయిన మనిషి చెయ్యే. కానీ ఆ పాటలోని మాటలు చూడండి, పోలీసులు, నల్లజాతి కుర్రవాడు, ఈ రాత్రి ఇంటికి చేరతానా అనే భయం. అమెరికాలోని ఫెర్గూసన్‌లో నల్లజాతి కుర్రవాడి మీద పోలీసు కాల్పులు 2014 ఆగస్టులో, ఆల్బమ్ 2015 జనవరిలో. తొంభైల్లో బతుకుతున్నాడు అన్నవాళ్ళు ఈ పాటను ఏ సంవత్సరంలో పెట్టారో నాకు తెలియలేదు. అట్లాగే 'కర్రీ చికెన్', పేరు చూసి మనవాళ్ళకు నవ్వొస్తుంది గానీ అది కరీబియన్ ఇంటి వంట. జోయీ తండ్రిది జమైకా, తల్లిది సెయింట్ లూసియా. 'బెల్లీ ఆఫ్ ద బీస్ట్'లో జమైకా గాయకుడు క్రోనిక్స్‌ను పాడించుకుని తనూ ఆ యాసలోకి దిగుతాడు. ఇల్లు, అమ్మ, యాస, పోయిన స్నేహితుడు. ఇవన్నీ అతనివే.

మెచ్చుకున్నంత మాత్రాన అన్నీ మెచ్చాలని లేదు. పదిహేను పాటలు ఎక్కువ. నడుమ మూడు నాలుగు పాటలు నేను ఎంత బాగా ప్రాస కట్టగలనో చూడండి అన్నట్టు సాగుతాయి, ఐనవోలులో పెద్దాయన అన్నట్టు ఆగడు. అదనంగా చేర్చిన 'టీచ్ మి' డాన్సు వైపు వెళ్ళి ఈ ఇంట్లో చుట్టంలా కూర్చుంటుంది. కొన్నిచోట్ల గొంతు కూడా కావాలని పాతగా చేసుకున్నట్టుంది, అక్కడ కాపీ అన్నవాళ్ళతో నేను గొడవ పెట్టుకోను.

మా ఈడువాళ్ళ పొగడ్త మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది, నన్నూ కలుపుకునే. మేం ఆ పిల్లవాణ్ణి మెచ్చుకుంటూ ఈ కాలం పిల్లలందర్నీ తిట్టాం. ఆ ఆల్బమ్ కింద అప్పట్లో నేను రాసిన నాలుగు ముక్కల్లో రెండు ట్రాప్‌ను తిట్టడానికే ఖర్చు చేశాను. జోయీ గొంతు గురించి ఒక్క మాట లేదు, స్టీజ్ పేరు లేదు. మళ్ళీ తీసి చదివితే చాలా బాధనిపించింది. ఇరవై ఏళ్ళవాడు తన చచ్చిపోయిన స్నేహితుడి గురించి పాడుతుంటే నేను నా పదిహేనో ఏడు తిరిగొచ్చిందని సంబరపడ్డాను.

తర్వాత అతను మారాడు కూడా. 2017లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో ఆ దుమ్ము చాలావరకు పోయింది, రాజకీయం ముందుకొచ్చింది, అప్పుడు పాత అభిమానులే మళ్ళీ అలిగారు. 2022లో '2000' అని పేరు పెట్టి, '1999'కి తమ్ముడిలాంటి ఆల్బమ్ ఇచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడు. ఈసారి తలుచుకోవడానికి వేరేవాళ్ళ కాలం అక్కర్లేకపోయింది, తన పదిహేడో ఏడు ఉంది.

ఇదంతా మేనల్లుడికి ఫోన్‌లో చెప్పాను. వాడు ఊఁ కొడుతూ విని, "తాత దగ్గర ఆ క్యాసెట్లు ఇంకా ఉన్నయా మామా?" అన్నాడు. వాడు కూడా హాస్టల్ గదిలో లాప్‌టాప్ మీద బీట్లు చేస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు.

నిన్న మామ ఇంటికి పోయాం. మామకు డెబ్బై దాటాయి, దుకాణం మూసి చాలా ఏళ్ళయింది. అటక మీది అట్టపెట్టె దించాం, సగం క్యాసెట్లకు బూజు పట్టింది. నా అరవై క్యాసెట్టు దొరికింది, నా చేతిరాతలో 'నాస్' అని, కింద 'మల్లన్న' అని. డెక్కులో ఒకదాని బెల్టు తెగిపోయింది, ఇంకోటి తిరుగుతోంది. మేనల్లుడు లాప్‌టాప్‌కు తీగ పెట్టి, ఏ సైడు చివర్లోని డోలు రెండు దెబ్బలు, వాటి ముందరి ఆ చుయ్ మనే సప్పుడు ఎక్కించుకున్నాడు. అక్కడే మంచం మీద కూర్చుని గంటసేపు ఏదో కోశాడు, అతికించాడు. తర్వాత తాత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాడు. వాడి మొహంలో టెన్షన్ చూస్తే నాకు గుండె దడదడలాడింది.

మామ కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి, "ఎడమ పక్క తక్కువొస్తున్నదిరా, ముందు హెడ్డు తుడువు" అని, స్పిరిట్ సీసా ఎక్కడుందో చెప్పాడు.